కొన్నేళ్ళు మౌంటెన్ బైక్ మానేసిన గ్యాప్ తర్వాత తెలియని సింగిల్‌ట్రాక్ (ఒక్క బైక్ పట్టే సన్నటి బాట): మొదటి రౌండ్ చూసుకుంటూ నిదానంగానా, తెలిసినవాళ్ళ వెనకాలేనా?

రాళ్ళదారి:
వాల్‌మార్ట్ ఉద్యోగాల మీద అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చే మనవాళ్ళలో ఒకప్పుడు బాగా తొక్కి, రెండు మూడేళ్ళు బైక్ గోడకు తగిలించేసినవాళ్ళు తక్కువేమీ కాదు. ఇక్కడ ఇంటి నుంచి పది నిమిషాల్లో స్లాటర్ పెన్ ట్రైల్స్, ఇంకాస్త పక్కకు కోలర్ ట్రైల్స్. ఆగలేరు, ఆగాల్సిన పని కూడా లేదు. మొదటి రైడ్ ఎలా చెయ్యాలన్న దగ్గరే గొడవ. సగంమంది "తెలిసినవాళ్ళ చక్రం వెనకే పో, లైన్ (చక్రం పోవాల్సిన దారి) అదే వస్తుంది" అంటున్నారు. మిగతావాళ్ళు "మొదటి రౌండ్ ఒంటరిగా, నిదానంగా, మొత్తం చూసుకుంటూ వెళ్ళు" అంటున్నారు. నేను రెండో పక్షం.

లెక్క చెప్తాను. గంటకు 18 కి.మీ. అంటే సెకనుకు 5 మీటర్లు. మలుపు తిరగ్గానే రాయి కనబడింది, అది బుర్రకెక్కి వేళ్ళు బ్రేక్ లివర్ నొక్కేసరికి ఒక సెకను. 5 మీటర్లు అక్కడే పోయాయి. వదులు గులకరాళ్ళ మీద ఆగడానికి ఇంకో 4 మీటర్లు. మొత్తం 9. అదే 24 కి.మీ. వేగమైతే 14 మీటర్లు. ఇక్కడి అడవి మలుపుల్లో ముందు కనిపించేది చాలాచోట్ల 10 మీటర్లే. రోజూ తొక్కేవాళ్ళకు ఆ సెకను అరసెకనవుతుంది. గ్యాప్ తీసుకున్నవాళ్ళకు కాదు. కాళ్ళకు ఓపిక ఉన్నా సరే, చూపు ఇంకా ముందు చక్రం దగ్గరే ఉంటుంది.

అందుకే పాత స్థాయి కంటే ఒక మెట్టు కిందికి దిగాలి. ట్రైల్ బోర్డుల మీద గ్రీన్ అంటే సులువు, బ్లూ మధ్యస్థం, బ్లాక్ కష్టం. బ్లాక్ తొక్కినవాళ్ళు బ్లూతో, బ్లూ తొక్కినవాళ్ళు గ్రీన్‌తో మొదలుపెట్టాలి. ఐఎంబీఏ (అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం) కొలతల ప్రకారం బ్లూలో తప్పించుకోలేని అడ్డంకి ఎత్తు 8 అంగుళాల దాకా, దారి వెడల్పు కనీసం 24 అంగుళాలు. బ్లాక్‌లో ఎత్తు 15 అంగుళాల దాకా, వెడల్పు 12 కూడా ఉండొచ్చు. ఆ తేడా చిన్నది కాదు.

స్పోక్‌కీ:
మెట్టు దిగమన్నదానికి ఒప్పుకుంటాను. "నిదానంగా" అన్న మాటకు మాత్రం ఒప్పుకోను. రాళ్ళ మీద నిదానమే ప్రమాదం.

6 అంగుళాల రాయికి 6 కి.మీ. వేగంతో ముందు చక్రం తగిలితే ఎక్కదు, ఆగిపోతుంది. చక్రం ఆగినా మనిషి ఆగడు, హ్యాండిల్‌బార్ మీదుగా ముందుకు పోతాడు. అదే రాయిని 12 కి.మీ. దగ్గర, పెడళ్ళు సమంగా పెట్టి, మోచేతులు మడిచి, ముందు చక్రం మీద బరువు ఒక్క క్షణం తేల్చి కొడితే 29 అంగుళాల చక్రం పొర్లుకుంటూ దాటేస్తుంది. ఏటవాలుకు అడ్డంగా పోయే వేర్లదీ ఇదే కథ. నిదానంగా వెళ్ళేవాళ్ళు సరిగ్గా వేరు మీదే బ్రేక్ పట్టుకుంటారు, తడి వేరు మీద బ్రేక్ పడితే టైరు పక్కకు జారిపోతుంది. బ్రేక్ పని వేరుకు ముందు మట్టిలోనే ముగించాలి, వేరు మీద వేళ్ళు వదిలెయ్యాలి.

గ్యాప్ తీసుకున్నవాళ్ళకు భయం వల్ల తెలియకుండానే బరువు వెనక్కి పోతుంది. వెనక్కి పోతే ముందు టైరు తేలికై మలుపులో పట్టు వదిలేస్తుంది. నిదానంగా వెళ్ళమని చెప్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. నేనిచ్చే సలహా ఇది: కష్టమైన చోట ముందే దిగు, నడిచి చూడు, 20 మీటర్లు వెనక్కి వచ్చి మామూలు వేగంతో మూడుసార్లు చెయ్యి. మూడోసారికీ కుదరకపోతే ఆ రోజుకు దాన్ని వదిలెయ్యి.

ఓజార్క్_బండి:
ఇద్దరూ వెనకాల వెళ్ళే పద్ధతిని చులకన చేస్తున్నారు. ఫ్లో ట్రైల్‌లో (మలుపులు, జంపులతో నున్నగా తీర్చిన దారి) ఎంత వేగం సరిపోతుందో బోర్డు చెప్పదు, ముందున్న మనిషి చెప్తాడు. టేబుల్‌టాప్ (పైభాగం బల్లలా చదునుగా ఉండే జంప్) మీద వేగం తగ్గితే మధ్యలో దిగుతాం, ఎక్కువైతే ల్యాండింగ్ దాటి చదును నేల మీద పడతాం. తెలిసిన మనిషి సరైన వేగంతో ముందు పోతుంటే అది నేర్చుకోవడానికి రెండు రౌండ్లు చాలు.

ఎడం మాత్రం రెండు సెకన్లు ఉండాలి. అంతకంటే దగ్గరైతే వాళ్ళ వెనక టైరే కనబడుతుంది, దారి కనబడదు. ముందున్నవాళ్ళు "రాయి", "ఎడమ మలుపు", "డ్రాప్" (అమాంతం కిందికి దిగే మెట్టు) అని గట్టిగా చెప్తూ పోవాలి.

రాళ్ళదారి:
ఓజార్క్ గారూ, మీరు చెప్పిన రెండు సెకన్ల ఎడం 18 కి.మీ. దగ్గర 10 మీటర్లు. మలుపుల్లో ఆ మనిషి ఎటూ కనబడడు. అప్పుడు చూసి నేర్చుకునేది ఏముంది? కనబడాలంటే దగ్గరికి జరగాలి, జరిగితే మీరే చెప్పిన సమస్య.

ఇంకో సంగతి. ముందున్నవాళ్ళకు అలవాటైన దారి కాబట్టి ఎక్కడ ఎగురుతున్నారో వాళ్ళకే గుర్తుండదు. కోలర్‌లో దిగువకు పోయే లైన్లు చాలావరకు వన్-వే, పక్కపక్కనే సులువువీ కష్టమైనవీ విడిపోతుంటాయి. ముందు మనిషి అలవాటు కొద్దీ గ్యాప్ జంప్ (మధ్యలో ఖాళీ ఉండే జంప్) వైపు తిరిగితే వెనకాయన కూడా తిరుగుతాడు. టేబుల్‌టాప్‌లో తక్కువ పడితే ఒళ్ళు కదులుతుంది, అంతే. గ్యాప్ జంప్‌లో తక్కువ పడితే ముందు చక్రం ఎదురు గోడకు కొడుతుంది.

స్పోక్‌కీ అన్నా, మీ రాళ్ళ మాట నిజం. నా "నిదానం" రాళ్ళ మధ్యలో కాదు, రాళ్ళకు ముందు. అడ్డంకి కనబడగానే వేగం తగ్గించి చూసుకోవాలి, సరే అనిపిస్తే వేగం అందుకుని దాటాలి, అనిపించకపోతే దిగాలి.

అనంతగిరి_గాలి:
అమెరికా లెక్కలన్నీ బోర్డులు ఉన్న చోటికి. వికారాబాద్ అనంతగిరి కొండల్లో తొక్కేవాళ్ళకు గ్రీన్, బ్లూ ఎవరు రాసిపెడతారు? అక్కడివి పశువులు, మనుషులు నడిచి పడిన బాటలు. వానాకాలం పోయాక నిరుడు ఉన్న దారి ఈ ఏడు ఉండదు. నీళ్ళు పారి మధ్యలో అడుగు లోతు గాడి పడుతుంది, దాని మీదికి గడ్డి వాలి కప్పేస్తుంది. ముందు చక్రం అందులో పడితే హ్యాండిల్ తిరగదు. ఎర్రమట్టి మీద లేటరైట్ గులకలు గోలీల్లా దొర్లుతాయి, మలుపులో ముందు బ్రేక్ తాకితే చాలు, పడిపోతాం.

ఇక్కడ గ్యాప్ ఉన్నా లేకపోయినా వానల తర్వాత మొదటిసారి ఎక్కే దిశలో వెళ్ళి చూడాలి, ఆ తర్వాతే దిగాలి. ఎక్కేటప్పుడు వేగం ఎలాగూ ఉండదు, ప్రతి గాడీ కంటపడుతుంది. ఎవరి వెనకాలా పోనక్కర్లేదు. తుమ్మముళ్ళ నేల కాబట్టి ట్యూబ్‌లెస్ లేకుండా బయల్దేరొద్దు. మేకల మంద ఎదురైతే దిగి పక్కన నిలబడండి, మలుపు దగ్గర బెల్ కొట్టండి.

ఓజార్క్_బండి:
ఎక్కే దిశలో చూడడం మంచి పద్ధతి. ఇక్కడ వన్-వే లైన్లలో అది కుదరదు, కింది నుంచి ఎదురెళ్తే పైనుంచి దిగేవాళ్ళు గుద్దేస్తారు. ట్రైల్ పక్క అడవిలోంచి నడిచి చూడడమే దారి.

స్పోక్‌కీ:
వెనకాలా ఒంటరిగానా అని ఇంత వాదన జరిగింది, గోడకు వేలాడిన బండి సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి రైడ్ చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు పూడ్చే ద్రవం) రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది. వాల్వ్ కోర్ (గాలి వాల్వ్ లోపలి ముక్క) విప్పి సన్నటి జిప్‌టై లోపలికి దించండి. పొడిగా వస్తే టైరు ఒకవైపు ఊడదీసి, లోపల రబ్బరు పొరలా అట్టకట్టిన పాతదాన్ని వేళ్ళతో ఒలిచి పారేసి, 29 × 2.4 టైరుకు 90 నుంచి 120 మి.లీ. కొత్తది పొయ్యాలి. పాతదాన్ని తియ్యకుండా పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. వాల్వ్ కోర్ చివర రబ్బరు ముద్ద పట్టి ఉంటే గాలి ఎక్కదు, పంపు పాడైందని అనుకుంటారు. ఆ కోర్ మార్చెయ్యండి.

గాలి: 75 కిలోల మనిషికి ముందు 22 పీఎస్ఐ, వెనక 25 నుంచి మొదలుపెట్టండి. బెంటన్‌విల్ ఉన్న ఓజార్క్ కొండల నేలలో చెర్ట్ ఉంటుంది, చెకుముకి జాతి రాయి, విరిగిన అంచు కత్తిలా టైరు పక్కగోడను కోస్తుంది. తెలియని ట్రైల్‌లో వెనక ఇంకో 2 పీఎస్ఐ పెంచడం మంచిది. కోత పెద్దదైతే ప్లగ్ (చిల్లులో దూర్చే రబ్బరు ముక్క) ఆగదు, స్పేర్ ట్యూబ్, లోపల అడ్డం పెట్టడానికి టైరు ముక్క సంచిలో ఉండాలి.

ఫోర్క్ (ముందు సస్పెన్షన్): ముందురోజు రాత్రి బండిని తలకిందులుగా పెట్టండి. సీళ్ళ కింద ఉండే ఫోమ్ రింగులు ఎండిపోయి ఉంటాయి, కింది నూనె వాటికి పడుతుంది. తర్వాత సాగ్ (మనిషి ఎక్కితే సస్పెన్షన్ ఎంత దిగుతుందో ఆ లెక్క) చూసుకోండి, ముందు 20 శాతం, వెనక 30. రెండేళ్ళలో సస్పెన్షన్‌లో గాలి దిగిపోయి ఉంటుంది, మనిషి బరువు కూడా మారి ఉంటుంది. ఇది తాత్కాలికమే, లోయర్ లెగ్ సర్వీస్ (ఫోర్క్ కింది భాగం విప్పి శుభ్రం చేసి నూనె మార్చడం) చేయించాల్సిందే.

బ్రేకులు: లివర్ హ్యాండిల్ దాకా వస్తే బ్లీడింగ్ (బ్రేక్ ద్రవంలో చేరిన గాలి తియ్యడం) లేకుండా కొండ ఎక్కొద్దు. కొన్ని బ్రేకుల్లో ఉండే డాట్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, పొడుగాటి దిగుడులో లివర్ మెత్తబడుతుంది. మినరల్ ఆయిల్ బ్రేకుల్లో డాట్ పోస్తే సీళ్ళు పాడవుతాయి, లివర్ మూత మీద రాసిందే పొయ్యాలి. ప్యాడ్లు కొత్తవైతే చదును రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి నడక వేగానికి 20 సార్లు, చక్రం లాక్ కాకుండా వేగం తగ్గించండి. తర్వాత కాస్త ఎక్కువ వేగం నుంచి ఇంకో 10 సార్లు.

రాళ్ళదారి:
దీనికి పెడళ్ళు కలపండి. క్లిప్‌లెస్ (బూటు పెడల్‌కు బిగుసుకునే రకం) అలవాటున్నవాళ్ళు కూడా మొదటి నాలుగైదు రైడ్లు మామూలు ఫ్లాట్ పెడళ్ళ మీద చేస్తే మేలు, ఆగిపోయిన చోట కాలు వెంటనే దిగుతుంది. క్లిప్ తియ్యడం ఇష్టం లేకపోతే స్ప్రింగ్ బిగింపు పూర్తిగా వదులు చేసి, ఇంటి ముందు గడ్డిలో రెండు కాళ్ళతోనూ విప్పుకోవడం సాధన చెయ్యాలి.

ఓజార్క్_బండి:
పెడళ్ళ విషయంలో మీతోనే ఉన్నాను. వెనకాల వెళ్ళే పద్ధతిని మాత్రం వదలను, కానీ వరస మారుస్తాను. మొదటి రౌండ్ గ్యాప్ తీసుకున్న మనిషే ముందు పోవాలి, తెలిసినవాళ్ళు వెనక నుంచి "ముందు డ్రాప్, కుడి లైన్ తీసుకో" అని చెప్తుండాలి. వేగం కొత్తవాళ్ళ చేతిలో ఉంటుంది, సమాచారం పాతవాళ్ళ నోట్లో ఉంటుంది. రెండో రౌండ్‌లో వరస తిప్పాలి, అదీ టేబుల్‌టాప్‌లే ఉన్న ఫ్లో ట్రైల్ మీద. గ్యాప్ జంప్ ఉన్న లైన్‌లోకి ఆ రోజు ఇద్దరూ వెళ్ళకూడదు.

రాళ్ళదారి:
ఆ వరసైతే అభ్యంతరం లేదు. ఒక్కటి కలపండి: రెండు గంటలు దాటితే ఆపెయ్యాలి. ముంజేతులు బిగుసుకుని వేళ్ళు లివర్ మీద నిలవకపోతే రెండు గంటలు కాకముందే ఆపాలి. అప్పుడు సింగిల్‌ట్రాక్ వదిలి రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే అనే పక్కా దారి మీదుగా తిరిగి రావచ్చు.