డి టొమాసో పాంటేరా: కొత్త రేడియేటర్ వేసినా సిగ్నల్ దగ్గర వేడెక్కుతోంది, ఎక్కడ వెతకాలి?

పాంటేరా_ఎల్73:

1973 పాంటేరా ఎల్, ఇటలీ స్పోర్ట్స్ కారు, అమెరికా మార్కెట్ బండి. ఇంజన్ ఫోర్డ్ 351 క్లీవ్‌ల్యాండ్, 5.8 లీటర్ల వీ8. ఇంజన్ గానీ గేర్‌బాక్స్ గానీ విప్పిన దాఖలాలు లేవు.

గంటకు 80–90 కిలోమీటర్ల మీద పోతున్నంతసేపూ ముల్లు 90 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే చాలు, 110 దాటిపోతుంది. అప్పుడు ఇంజన్ ఆపేస్తే ఓవర్‌ఫ్లో ట్యాంక్‌లోంచి నీళ్లు బయటికి తన్నుకొస్తున్నాయి.

ఇప్పటికే మార్చినవి: అల్యూమినియం రేడియేటర్, వాటర్ పంపు, ముందు ఫ్యాన్లు రెండూ. థర్మోస్టాట్ (నీళ్ల వేడిని బట్టి రేడియేటర్ దారిని తెరిచి మూసే వాల్వు) తీసేసి ఉంది, "అది లేకపోతేనే నీళ్లు బాగా తిరుగుతాయి" అని చెప్పారు.

ఇంకా మందపాటి రేడియేటర్ వేయాలా? థర్మోస్టాట్ లేకపోవడం నిజంగా మంచిదేనా? వేడి సంగతి తేలాక ఇంజన్‌ని నిమిషానికి 6000 చుట్ల దాకా లాగాలని ఉంది, ఆ లోపు ఇంకేం చూసుకోవాలి?

ఇత్తడిప్లేటు:

రేడియేటర్ మాట వదిలేయండి. రోడ్డు మీద 90 దగ్గర నిలబడుతోందంటే దాని సత్తా సరిపోతోందనే అర్థం. ఇంకోటి కొంటే చేతిచమురు వదలడం తప్ప ఒరిగేదేమీ లేదు. ముందు థర్మోస్టాట్ తేల్చండి. క్లీవ్‌ల్యాండ్‌లో అది మిగతా ఇంజన్లలో ఉన్నట్టు ఉండదు.

మామూలు ఇంజన్లో థర్మోస్టాట్ తీసేస్తే నీళ్లు నేరుగా రేడియేటర్‌కి పోతాయి, మహా అయితే ఇంజన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది. 351 క్లీవ్‌ల్యాండ్‌లో థర్మోస్టాట్ కూర్చునే గుంట బ్లాక్‌లోనే ఉంది, ఆ గుంట అడుగున ఒక బైపాస్ దారి ఉంది. దాని మీద గుండ్రటి ఇత్తడి ప్లేటు, ప్లేటు నడుమ రంధ్రం. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లు ఆ రంధ్రం గుండా పంపుకి తిరిగొచ్చేస్తాయి. వేడెక్కాక థర్మోస్టాట్ తెరుచుకుంటూ, తన అడుగున ఉన్న టోపీని కిందికి దించి ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. రేడియేటర్ దారి తెరవడం, బైపాస్ దారి మూయడం, రెండు పనులూ దానివే.

మీ బండిలో అది లేదు కాబట్టి బైపాస్ ఎప్పుడూ బార్లా తెరిచే ఉంది. కాగిన నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్లోకి పోతోంది. థర్మోస్టాట్ తీసేస్తే మేలని చెప్పినవాళ్లు వేరే ఇంజన్ల లెక్క ఈ ఇంజన్‌కి వేశారు.

ఇంకో చిక్కు ఉంది. 302, 351 విండ్సర్ (ఫోర్డ్‌వే వేరే వీ8లు) ఇంజన్ల థర్మోస్టాట్ ఈ గుంటలో చక్కగా కూర్చుంటుంది, కొలత కూడా సరిపోతుంది. కానీ దానికి అడుగున టోపీ ఉండదు, బైపాస్ మూసుకోదు. పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే, చేతిలోకి తీసుకుని అడుగు చూశాకే కొనండి. రాబర్ట్‌షా 333-180 క్లీవ్‌ల్యాండ్ రకమే, 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది.

చేయాల్సిన పని ఇది. ఇంజన్ పూర్తిగా చల్లారాక పైహౌసింగ్ విప్పి టార్చి వేసి చూడండి. ఇత్తడి ప్లేటు ఉందా లేదా? పాత మరమ్మతుల్లో కొందరు దాన్ని కూడా పీకేస్తారు. అప్పుడు రంధ్రం ఇంకా పెద్దదై, సరైన థర్మోస్టాట్ వేసినా టోపీ మూయలేదు. ప్లేటు లేకపోతే ముందు అది సంపాదించండి. కొత్త థర్మోస్టాట్‌ని బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడండి: 82 దగ్గర కదలడం మొదలై, ఇంకో పది డిగ్రీలకల్లా పూర్తిగా తెరుచుకోవాలి, టోపీ కిందికి దిగడం కంటికి కనబడాలి. దాని అంచులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేస్తే నీళ్లు నింపేటప్పుడు గాలి అక్కడ చిక్కుకోదు. బిగించేటప్పుడు థర్మోస్టాట్ గాడిలోంచి జారితే హౌసింగ్ అంచు విరుగుతుంది, అందుకని రెండు బోల్టుల్నీ కొద్దికొద్దిగా మార్చిమార్చి బిగించండి.

బైపాస్‌ని పూర్తిగా బిరడా వేసి మూసేసి విండ్సర్ రకం వాడేవాళ్లూ ఉన్నారు. పని చేస్తుంది. కానీ ఇంజన్ వేడెక్కేదాకా బ్లాక్‌లో నీళ్లు దాదాపు కదలవు, హెడ్లలో (సిలిండర్ల మీది మూతల్లో) ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడి పుడుతుంది. ఫోర్డ్ పెట్టిన పద్ధతే మేలని నా అభిప్రాయం.

రెండు_ట్యాంకులు:

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తాను. దాంతోపాటు గాలి సంగతి. ఈ బండిలో ఇంజన్ సీట్ల వెనక, రేడియేటర్ ముక్కులో. నడుమ నేల కింద రెండు పొడవాటి గొట్టాలు. మొత్తం మీద 20 లీటర్లకు పైనే పడుతుంది. ఇంత పొడుగు దారిలో గాలి ఎక్కడో ఒకచోట నిలిచిపోవడానికే చూస్తుంది, ఎక్కువగా రేడియేటర్ పైమూలలో.

రేడియేటర్ పైభాగాన గాలి తీసే చిన్న కుళాయి ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టించండి. బండి సమంగా గానీ, వెనక కాస్త ఎత్తుగా గానీ ఉండాలి. నీళ్లు పోసే ప్రెజర్ ట్యాంక్ రేడియేటర్ కన్నా ఎత్తులో ఉంటేనే గాలి ఆ కుళాయిలోంచి బయటికి పోతుంది. కుళాయి తెరిచి, బుడగలు లేకుండా నీటి ధార వచ్చేదాకా నెమ్మదిగా నింపండి, మూయండి. తర్వాత ఇంజన్ వేసి థర్మోస్టాట్ తెరుచుకోనిచ్చి, ఆపి, పూర్తిగా చల్లారాక ఇదే పని మళ్లీ చేయండి. ఒక్కసారికి పోదు.

ఆపేశాక తన్నుకు రావడానికి మూత కూడా కారణం కావచ్చు. 13 పీఎస్ఐ, అంటే సుమారు 0.9 బార్ మూత ఉండాలి. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లే 118 డిగ్రీల దాకా మరగవు. మూత పట్టకపోతే వంద దగ్గరే మరుగుతాయి. మూతకి రెండు వాషర్లు ఉంటాయి. కిందిది ఒత్తిడిని ఆపుతుంది. పైది పట్టకపోతే మాత్రం ఇంజన్ చల్లారేటప్పుడు నీళ్లకు బదులు గాలిని పీలుస్తుంది, ప్రతిసారీ కొంత నీరు తగ్గుతూ పోతుంది. ప్రెజర్ ట్యాంక్ నిండుగా, ఓవర్‌ఫ్లో ట్యాంక్ సగం కన్నా తక్కువగా, గొట్టం కొస నీళ్లలో మునిగి ఉండాలి.

ఇక ఊహలు కట్టిపెట్టి కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్లటి మ్యాట్ టేపు అంటించి దాని మీద చూడండి. థర్మోస్టాట్ హౌసింగ్, రేడియేటర్‌లోకి వచ్చే గొట్టం, బయటికి వెళ్లే గొట్టం, ఈ మూడు అంకెలూ ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) తీసి ఇక్కడ రాయండి. ఫ్యాన్లు తిరుగుతుండగా వాటి తీగల దగ్గర వోల్టేజీ కూడా.

పాంటేరా_ఎల్73:

ప్లేటు ఉంది. సరైన థర్మోస్టాట్ వేసి, గాలి తీశాక అంకెలు ఇవి. హౌసింగ్ 102, రేడియేటర్‌లోకి 101, బయటికి 97. బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు, ఫ్యాన్ దగ్గర 10.6. ఇప్పుడు 110 దాటడం లేదు గానీ ఐడిల్‌లో ఇంకా మెల్లగా ఎక్కుతూనే ఉంది. మూత కొత్తది వేశాక నీళ్లు తన్నడం ఆగింది.

రెండు_ట్యాంకులు:

ఇక దొరికినట్టే. లోపలికి, బయటికి తేడా నాలుగే డిగ్రీలు. నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, వాటి వేడిని తీసుకుపోయే గాలే చాలడం లేదు. తేడా 20 డిగ్రీలు ఉంటే గొట్టం మూసుకుందనో పంపు బలహీనమనో అనుకునేవాళ్లం.

దారిలోనే 2.8 వోల్టులు పోతున్నాయి. ఫ్యాన్ వేగం దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది, గాలి ఐదో వంతు తగ్గినట్టే. యాభై ఏళ్ల పాత వైరింగ్, ఆక్సైడ్ పట్టిన కనెక్టర్లు, డాష్‌బోర్డు చుట్టూ తిరిగొచ్చే తీగ కలిసి చేసే పని అది. ఒక్కో ఫ్యాన్‌కి ఒక్కో 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టండి. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అదే మందంలో ఎర్త్ తీగ విడిగా. రేడియేటర్‌లో ఉన్న పాత థర్మో స్విచ్ రిలేని మాత్రమే నడపాలి, ఫ్యాన్ కరెంటు దాని గుండా పోకూడదు. తేడా అర వోల్టు లోపు ఉంటే సరిగ్గా కుదిరినట్టు.

ఫ్యాన్లు కొత్తవన్నారు కాబట్టి తిరిగే దిక్కు కూడా చూడండి. ముక్కు ముందు పలచటి కాగితం పట్టుకుంటే రేడియేటర్ వైపు లాగాలి. తీగలు తారుమారై ఫ్యాన్ ఎదురు వీస్తే రోడ్డు మీద తెలియదు, బండి వేగానికి వచ్చే గాలి దాన్ని నెట్టేస్తుంది. ఆగినప్పుడే బయటపడుతుంది. పోలారిటీ మార్చి దిక్కు తిప్పడం కూడా పూర్తి పరిష్కారం కాదు, రెక్కల వంపు ఒక దిక్కుకే చేసి ఉంటుంది. రెక్కలు కూడా తిప్పి బిగించగలిగే రకమైతేనే అలా చేయండి.

రేడియేటర్ చుట్టూ వేలు దూరే సందు ఎక్కడున్నా అల్యూమినియం రేకుతోనో, నురుగు పట్టీతోనో మూసేయండి. గాలి సులువైన దారే వెతుక్కుంటుంది. పైగా ఆగినప్పుడు రేడియేటర్ దాటిన వేడిగాలి ఆ సందుల్లోంచే మళ్లీ ముందుకొస్తుంది.

అడ్వాన్స్36:

ఫ్యాన్ల పని తప్పకుండా చేయండి, కానీ అంతా గాలి మీదే తోసేయకండి. ఐడిల్‌లో టైమింగ్ (సిలిండర్‌లో స్పార్క్ పడే క్షణం) వెనకబడి ఉంటే మంట ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి వెళ్లి అక్కడి నీటిని కాస్తుంది. అమెరికా బండి కాబట్టి, కాలుష్య నిబంధనల కోసం చేసిన సెట్టింగే ఇంకా ఉండొచ్చు. డిస్ట్రిబ్యూటర్‌కి (స్పార్క్‌ని సిలిండర్లకు పంచే భాగానికి) వచ్చే వాక్యూమ్ గొట్టం తీసి మూసి, టైమింగ్ లైట్‌తో చూడండి: ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు దాటాక స్పార్క్ మొత్తం 34–36 డిగ్రీలు ముందుగా రావాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని స్ప్రింగులు బిగుసుకుని అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకు జరపడం) సగంలోనే ఆగిపోవడం పాత బండ్లలో మామూలే. తర్వాత వాక్యూమ్ అడ్వాన్స్‌ని మానిఫోల్డ్ వాక్యూమ్‌కి కలిపి ఐడిల్ సరిచేస్తే ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు దిగుతుంది. నాక్ (ఇంజన్‌లో టకటక చప్పుడు) వినబడితే వెంటనే రెండు డిగ్రీలు వెనక్కి.

జడ్ఎఫ్_గేటు:

మీ మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నా లెక్కలో అదే పెద్దది.

క్లీవ్‌ల్యాండ్ ఫ్యాక్టరీ వాల్వులు రెండు ముక్కలు, తల వేరు, కాడ వేరు, నడుమ వెల్డింగ్. వయసు మీద పడ్డాక అధిక వేగంలో తల ఊడి సిలిండర్‌లో పడితే పిస్టన్, హెడ్ రెండూ పోతాయి, ఒక్కోసారి బ్లాక్ కూడా. హెడ్లు విప్పని ఇంజన్‌ని 6000 దాకా తీసుకెళ్లకండి. ఒకే ముక్క స్టెయిన్‌లెస్ వాల్వులు, ఒకే గాడి రకం లాకులు (వాల్వు కాడని పట్టి ఉంచే ముక్కలు), వాటికి తగిన రిటైనర్లు (స్ప్రింగు పైన కూర్చునే బిళ్లలు), కొత్త స్ప్రింగులు కలిపి ఒక సెట్టుగా వేయించండి. పాత లాకులకు గాడులు ఎక్కువ, అవి వాల్వుని తిరగనిస్తాయి గానీ గట్టిగా పట్టవు. హెడ్లు తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ మీద ముందు భాగాన్ని చూపే గుర్తు రెండు వైపులా ఇంజన్ ముందుకే ఉండాలి. తిరగబడితే నీటి దారులు మూసుకుపోయి మళ్లీ మొదటికొస్తారు.

ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కూడా. గట్టి మలుపులో ఆయిల్ పక్కకి ఒరిగిపోయి పికప్ (ఆయిల్ లాగే గొట్టం) గాలి పీలుస్తుంది, దెబ్బ రాడ్ బేరింగుల మీద పడుతుంది. ఈ బండికి 10 క్వార్టులు, అంటే 9.5 లీటర్లు పట్టే సంపులు వస్తాయి. లోపల అడ్డుగోడలు, ఒకే వైపు తెరుచుకునే తలుపులు ఉన్నవి తీసుకోండి, ఉత్త పెద్ద డబ్బా వద్దు.

గేర్‌బాక్స్ జడ్ఎఫ్ 5డీఎస్-25. ఫోర్డ్ జీటీ40లో, బీఎండబ్ల్యూ ఎం1లో వచ్చింది కూడా ఈ కుటుంబమే, శక్తి విషయంలో బెంగ లేదు. దీని బలహీనత రింగ్ గేర్ (చక్రాలకు శక్తిని అందించే పెద్ద పళ్లచక్రం) బోల్టులు. కాలక్రమంలో వదులై బయటికొచ్చి కేసింగ్‌ని కొడతాయి. కేసు విప్పితే తప్ప చూడలేం కాబట్టి క్లచ్ మార్చేటప్పుడు ఆ పనీ కలిపి పెట్టుకోండి. కొత్త బోల్టులు, థ్రెడ్ లాక్, సేఫ్టీ వైరు. అప్పటిదాకా ఆయిల్ మార్చిన ప్రతిసారీ డ్రెయిన్ ప్లగ్ చూడండి: సన్నటి బూడిదలాంటి పొడి మామూలే, గోటికి తగిలే లోహపు రేకు కనబడితే బండి నడపడం ఆపేయండి.

గేర్‌బాక్స్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ పడదు, అది లోపం కాదు. గేర్ ఆయిల్ వేడెక్కేదాకా మొదటి గేర్ నుంచి నేరుగా మూడుకి వేయండి. బలవంతంగా నెడితే రెండో గేర్ సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు) అరిగిపోతుంది.