స్కోప్‌కి ఫోన్ తగిలించి పిట్టల ఫొటోలు: కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టొచ్చా?

కొమ్మచివర:
రెండేళ్లుగా బైనాక్యులర్‌తో పిట్టల్ని చూస్తున్నాను. ఎక్కువగా వెళ్లేది నీళ్ల దగ్గరికే. అవతలి ఒడ్డున బురదలో తిరిగే చిన్న పిట్టలు ఏవో తేల్చుకోలేక ఎన్నిసార్లు వెనక్కి వచ్చానో లెక్కలేదు. అందుకే స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే చిన్న టెలిస్కోప్) తీసుకుందామని నిర్ణయించుకున్నాను. కన్ను పెట్టి చూసే ఐపీస్‌కి అడాప్టర్ పెట్టి ఫోన్ బిగిస్తే ఫొటోలు కూడా తీయొచ్చని, దాన్నే డిజిస్కోపింగ్ అంటారని చదివాను. నాకు పిట్టల్ని చూడటం నేర్పిన మాస్టారు మాత్రం ఒప్పుకోవడం లేదు. "స్కోప్ చూడటానికి. ఫొటో కావాలంటే కెమెరా, పెద్ద లెన్స్ కొనుక్కో. రెండూ ఒకదాంతో చేయబోతే రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు" అన్నారు. ఆయన మాట తీసెయ్యలేను. నిజంగా వాడినవాళ్లు చెప్పండి, కొత్తవాళ్లు ఇలా మొదలుపెట్టడం తప్పా?

నీటికోడి:
తప్పు కాదండీ. నేను అలాగే మొదలుపెట్టాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. చిన్న లెక్క చెప్తాను. ఈ రోజుల్లో ఫోన్ మెయిన్ కెమెరా దాదాపు 26 మి.మీ. లెన్స్‌తో సమానం. స్కోప్‌ని 20 రెట్ల మీద ఉంచి దాని వెనక ఫోన్ పెడితే 20 × 26, అంటే 520 మి.మీ. లెన్స్‌లో ఎంత దగ్గరగా కనిపిస్తుందో పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుంది. 40 రెట్లు పెడితే 1,040. కెమెరాకి అంత పొడవైన లెన్స్ కొనడం, మోయడం ఎంతమంది వల్ల అవుతుంది? స్కోప్ మీరు ఎలాగూ కొంటున్నారు. ఫోన్ ఎలాగూ జేబులో ఉంటుంది.

గడ్డిపరక:
ఆ లెక్క నమ్ముకునే నేనూ దిగాను. ఏడాదిన్నర వాడి వదిలేశాను.

ఒకరోజు పొద్దున్నే లకుముకి పిట్ట ఒకటి నీళ్ల మీదికి వంగిన కొమ్మ మీద వాలింది. మంచి వెలుతురు, మంచి దూరం. స్కోప్ తిప్పాను, పిట్టని వెతికి పట్టుకున్నాను, ఫోకస్ చేశాను, అడాప్టర్ తగిలించాను. ఫోన్ తెర మీద చుట్టూ నలుపు, మధ్యలో చిన్న గుండ్రం. దాన్ని సరిచేసుకునేలోపు పిట్ట నీళ్లలోకి దూకింది, చేపతో పైకి వచ్చింది, కొమ్మకేసి నాలుగు దెబ్బలు కొట్టి మింగి వెళ్లిపోయింది. అంతసేపూ నేను తెరతో తంటాలు పడుతున్నాను. కళ్లెదుట జరిగినదాన్ని చూడలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు.

ఎగిరే పిట్టను దీంతో పట్టడం జరిగే పని కాదు. పొదల్లో ఒక్కచోట నిలవని చిన్న పిట్టలూ అంతే. కొత్తవాళ్లు మొదటి నెలలోనే విసిగిపోయి మొత్తం ఆపేస్తారేమోనని నా భయం. మాస్టారు చెప్పింది సబబే.

తీతువు:
ఇంకో దారి ఉంది, ఎవరూ ఎత్తలేదు. సూపర్ జూమ్ కెమెరా. నికాన్ కూల్‌పిక్స్ పి900 2015లో వచ్చింది, 83 రెట్ల జూమ్, 2,000 మి.మీ. వరకు వెళ్తుంది. 2018లో వచ్చిన పి1000 అయితే 3,000 మి.మీ. మెడలో వేసుకుని నడవొచ్చు. అడాప్టర్ గొడవ లేదు, నల్ల గుండ్రాల గొడవ లేదు. పిట్టని గుర్తుపట్టడానికి ఫొటో ఉంటే చాలనుకునేవాళ్లకి అదే సుఖం.

నీటికోడి:
తీతువు గారూ, ఆ కెమెరాలు మంచివే. కానీ ప్రశ్న అడిగినవారికి ముందు కావాల్సింది చూపు. కెమెరా వ్యూఫైండర్‌లో గంటసేపు బురదమేటని జల్లెడ పట్టలేం. మంచి స్కోప్ వెనక పూటంతా కూర్చోవచ్చు. పిట్ట ఎలా నడుస్తోంది, ముక్కు ఎలా పొడుస్తోంది, పక్క పిట్టని ఎలా తరుముతోంది, ఇవన్నీ చూస్తుండగా మధ్యలో ఒక ఫొటో. మా వరస ఇది.

గడ్డిపరక గారికి జరిగింది మొదట్లో నాకూ జరిగింది. పిట్ట ముందు నిలబడి అడాప్టర్ సర్దుకోవడం వల్ల వచ్చే చిక్కు అది. ఆ పని ఇంట్లోనే అయిపోవాలి. కిటికీలోంచి దూరంగా కదలని వస్తువు ఏదైనా చూసుకుని కూర్చోండి. ఫోన్ లెన్స్ ఐపీస్‌కి సరిగ్గా మధ్యలో ఉండాలి, అడ్డంగా ఒకటి రెండు మి.మీ. జరిగినా ఒక పక్క నెలవంకలా నలుపు వస్తుంది. తర్వాత దూరం. ఐపీస్ చివర తిప్పితే పైకీ కిందికీ జరిగే రబ్బరు కప్పు ఉంటుంది కదా, దాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తెర మీద గుండ్రం ఎక్కడ అన్నిటికంటే పెద్దదవుతుందో చూడండి. ఆ చోట గుర్తు పెట్టుకోండి. నేను అడాప్టర్‌ని ఫోన్ కేస్‌కే శాశ్వతంగా బిగించేశాను. కళ్లతో చూస్తున్నప్పుడు ఫోన్ జేబులో, కావాలన్నప్పుడు ఐపీస్ మీదికి ఒక్క తోపు. మూడు సెకన్లు పట్టదు.

మిగిలిన నలుపు పోవడానికి ఫోన్‌లో కొంచెం జూమ్ చెయ్యాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. రెండు మూడు లెన్సులున్న ఫోన్లు జూమ్ చెయ్యగానే మెయిన్ లెన్స్ వదిలేసి పక్కనున్న, దూరపువాటి కోసం పెట్టిన టెలి లెన్స్‌కి మారిపోతాయి. కొన్ని ఫోన్లు ఐపీస్‌ని చూసి, ఏదో దగ్గరి వస్తువనుకుని మాక్రో కోసం వైడ్ లెన్స్‌కి పోతాయి. ఐపీస్ ముందున్నది మెయిన్ లెన్స్ కదా, తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. పాపం మనిషి అడాప్టర్ పాడైందనుకుంటాడు. మాక్రో ఆటోని ఆపండి, ప్రో మోడ్‌లోనో, లెన్స్‌ని కదలనివ్వని కెమెరా యాప్‌లోనో మెయిన్ లెన్స్‌ని ఖాయం చెయ్యండి. సగం కష్టాలు అక్కడే తీరతాయి.

పాతగట్టు:
ఈ వాదన కొత్తది కాదు. 1999లో మలేషియా పక్షి పరిశీలకుడు లారెన్స్ పో లైకా స్కోప్ ఐపీస్‌కి నికాన్ డిజిటల్ కెమెరా ఊరికే ఆనించి చూశారు. ఫొటో అంత బాగా వస్తుందని ఆయనే ఊహించలేదు. అదే ఏడాది ఫ్రాన్స్ పరిశీలకుడు అలైన్ ఫోసే డిజిస్కోపింగ్ అన్న మాట పుట్టించారు. అప్పటి కూల్‌పిక్స్‌ల లెన్స్ చిన్నది, జూమ్ చేసినా ముందుకు పొడుచుకు రాదు, అందుకని ఐపీస్‌కి చక్కగా కుదిరేది. ఈ పని పుట్టిందే చిన్న లెన్స్ పుణ్యమా అని. ఇవాళ ఆ చిన్న లెన్స్ ఫోన్‌లో ఉంది.

పెద్ద కెమెరాని స్కోప్‌కి తగిలించడం నేనూ చేశాను. బరువంతా వెనక్కి పడుతుంది, షట్టర్ అదురు వేరే. కొత్తవాళ్లు ఆ జోలికి పోవద్దు.

గడ్డిపరక:
పెద్దవారు చెప్పారు కాబట్టి వింటాను. కానీ వెలుతురు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ముందు గాజు 80 మి.మీ. వెడల్పున్న స్కోప్‌లో 20 రెట్ల దగ్గర బయటికి వచ్చే కాంతి కట్ట 4 మి.మీ. వెడల్పు ఉంటుంది. 60 రెట్లకు పోతే 1.3 మి.మీ. అప్పుడు ఫోన్ ఏం చేస్తుంది? ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి, పెంచుతుంది, షట్టర్ నెమ్మదిస్తుంది. ఈకలు పిండి ముద్దలా వస్తాయి. సాయంత్రం వేళ నా ఫొటోలన్నీ అంతే.

నీటికోడి:
ఒప్పుకుంటున్నాను. అందుకే జూమ్ ఐపీస్ ఉన్నా నేను 20, 30 దాటించను. పిట్ట చిన్నగా పడినా సరే, తర్వాత కత్తిరించుకోవచ్చు. అరవై రెట్లు చూడటానికి, అదీ గాలి నిలకడగా ఉన్నప్పుడు.

కొమ్మచివర:
వారం తర్వాత వస్తున్నాను. తెలిసినవారు 65 మి.మీ. స్కోప్, అడాప్టర్ రెండు రోజులు అరువిచ్చారు. నీటికోడి గారు చెప్పినట్టు ఇంట్లో సర్దుకునే వెళ్లాను. నలుపు సమస్య రాలేదు. కానీ ఫొటోలన్నీ మెత్తగా, అలుక్కుపోయినట్టు ఉన్నాయి. కంటికి మాత్రం స్పష్టంగా కనిపించింది. ఉదయం పదిన్నర తర్వాత మొదలుపెట్టాను, పిట్టలు 150 మీటర్ల దూరంలో ఉన్నాయి. ట్రైపాడ్ నాదే, తేలికది, మధ్య కడ్డీ పూర్తిగా పైకి లేపాను.

పాతగట్టు:
బాబూ, మూడు సంగతులూ నువ్వే చెప్పావు. పదిన్నరకి నేల వేడెక్కి గాలి తెరలు తెరలుగా లేస్తుంది. కన్ను ఆ కదలికను సర్దుకుని చూస్తుంది, కెమెరా ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది కాబట్టి సర్దుకోలేదు. ఎంత మంచి గ్లాస్ కొన్నా ఆ వేడిగాలిని దాటలేవు. పొద్దు పొడిచిన గంటన్నరలోపు వెళ్లు. దూరం 30 మీటర్లలోపు ఉంటే ఈకల గీతలు వస్తాయి, 150 దగ్గర ఏ పిట్టో తెలిస్తే అదే మేలు.

ట్రైపాడ్ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండు. మధ్య కడ్డీ దించెయ్, కాళ్లు వెడల్పుగా పెట్టు, కూర్చునే ఎత్తుకి దింపు. సంచీ బరువు కింద వేలాడదీస్తే నేలకి తగిలీ తగలనట్టు ఉంచు, ఊగితే ఉన్నది కూడా పోతుంది. ఫోన్ పెట్టాక బరువు వెనక్కి వాలుతుంది, స్కోప్‌ని హెడ్ మీద కొంచెం ముందుకు జరిపి బిగించు.

తీతువు:
తెర మీద వేలితో నొక్కి తీశారా? ఆ చిన్న తాకిడికే 500 మి.మీ. దగ్గర పిట్ట ఎగిరి గంతేసినట్టు ఊగుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, లేదా చిన్న బ్లూటూత్ రిమోట్. ఇంకా మంచిది వీడియో. ఒక 4కే ఫ్రేమ్‌లో 80 లక్షలకు పైగా పిక్సెళ్లు ఉంటాయి, గుర్తుపట్టడానికి ధారాళంగా సరిపోతుంది. సూపర్ జూమ్ మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు, కానీ మీ చోటికి, మీ పిట్టలకి స్కోపే నప్పుతుందని ఇప్పుడు అనిపిస్తోంది.

గడ్డిపరక:
ఒక్కటి మాత్రం అందరూ వినాలి. నేను ఇప్పుడు 400 మి.మీ. లెన్స్ వాడుతున్నాను. దానితో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి అని కాళ్లు లాగుతాయి. గూటి మీద కూర్చున్న పిట్టని లేపేసినవాళ్లని చూశాను. గుడ్లు ఎండకి వదిలి తల్లి లేచిపోయింది. స్కోప్‌తో ఆ పాపం తక్కువ, ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కొమ్మచివర గారికి ఎగిరే పిట్టల ఫొటోలు కావాలంటే మాత్రం నా మాట మారదు. మీకు అసలు ఏం కావాలో అది చెప్పండి.

కొమ్మచివర:
నిజం చెప్పాలంటే అందమైన ఫొటో కాదండీ. ఆ బురదలోవి ఏ పిట్టలో నాకు తెలియాలి. ఈరోజు పొద్దున్న ఆరుంపావుకి వెళ్లాను. కూర్చుని, కడ్డీ దించి, 25 రెట్ల దగ్గర ఆపాను. మొదటి అరగంట ఫోన్ తియ్యలేదు. పిడికిలంత పిట్ట ఒకటి మిగతా వాటికి దూరంగా, నెమ్మదిగా, బురదని ఒత్తి ఒత్తి నడుస్తోంది. తర్వాత ఫోన్ పెట్టి రెండు నిమిషాల వీడియో తీశాను. రొమ్ము అంతా ఒకే బూడిద గోధుమ రంగు. కాళ్లు నల్లగా ఉన్నాయి కాబట్టి లిటిల్ స్టింట్ అనుకుంటున్నాను. సరేనా?

గడ్డిపరక:
కాళ్లని నమ్మకండి, తడి బురద అంటితే పసుపు కాళ్లు కూడా నల్లగానే కనిపిస్తాయి. రొమ్ము అలా ఒకే రంగులో ఉండటం, నెమ్మదిగా నడవటం టెమ్మింక్స్ స్టింట్ లక్షణాలు. వీడియోలో అది రెక్కలు విదిలించిన చోటో, ఎగిరిన చోటో ఉందా? ఒక్కో ఫ్రేమ్ ఆపి తోక అంచులు చూడండి. తెల్లగా ఉంటే టెమ్మింక్స్. బూడిద రంగైతే లిటిల్.

కొమ్మచివర:
1 నిమిషం 40 సెకన్ల దగ్గర ఒక్క దూకు దూకింది. తోక విప్పిన ఫ్రేములు రెండు దొరికాయి. అంచులు తెల్లగా ఉన్నాయి! ఇంకో ఫ్రేములో కాలు నీళ్లలోంచి లేస్తుంటే బురద కడిగేసుకుపోయి పసుపుపచ్చగా కనిపించింది. ఆ మూడు ఫ్రేములూ మాస్టారికి పంపాను. "స్కోప్ ఎప్పుడు తిరిగివ్వాలి? రేపు పొద్దున్న నేనూ వస్తాను" అని రాశారు.