వానకు బిగిసే తలుపు, నోరు తెరిచే జిప్, చిక్కుపడే వైరు: వీటికి మందుందా?

ప్రశ్న (ఒంగోలు): అక్టోబరు వానలు మొదలైతే చాలు, వేప తలుపు బిగదీసుకుంటుంది. బ్యాగ్ జిప్ ముందు మూసుకుంటూ వెనక నోరు తెరుస్తుంది. జేబులో వేసిన ఇయర్‌ఫోన్ వైరు తీసేసరికి పిచ్చుకగూడు. ఇక తలుపు హ్యాండిల్‌కి చున్నీ తగులుకునేది చేతిలో వేడి సాంబారు గిన్నె ఉన్నప్పుడే. షాపులో అడిగితే కొత్తది కొనమంటారు. ఉన్నవాటినే దారికి తెచ్చేదెట్టా?

వడ్రంగి పని తెలిసినవాడు: తొందరపడి చిత్రిక పట్టించొద్దు. చెక్క తేమ పీల్చి వెడల్పుకి ఉబ్బుతుంది, పొడవుకి పెద్దగా కాదు. ఇప్పుడు ఎక్కువ తీసేస్తే రోహిణీ కార్తెలో ఆ సందులోంచి వీధి కనపడుద్ది. ముందు అది ఉబ్బిందో వాలిందో చూడండి. తాళం వైపు పైమూల చట్రానికీ, కిందిమూల గడపకీ రాసుకుంటుంటే వాలినట్టే. పై బందు మరలు వదులై ఉంటాయి. మర ఊరికే తిరుగుతుంటే తల తీసేసిన అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో దూర్చి, రాత్రంతా ఆరనిచ్చి బిగించండి. అంచు పొడవునా పట్టేస్తుంటే ఉబ్బినట్టు. అంచుకి సుద్ద రాసి తలుపు మూయండి. చట్రానికి సుద్ద అంటిన చోట మాత్రమే ఒక పొర తీయండి. ఎండలు రాగానే తలుపు పై అంచుకీ అడుగు అంచుకీ రంగు వేయించండి. కంటికి కనపడవని రంగులవాళ్లు వాటిని వదిలేస్తారు, తేమ దూరేదేమో అక్కడే.

బ్యాగులు కుట్టే ఆయన: జిప్ వెనక విడిపోతే తప్పు పళ్లది కాదు, రన్నర్‌ది. వాడగా వాడగా దాని వెనక నోరు వెడల్పవుతుంది. రన్నర్‌ని జిప్ మొదటికి తెచ్చి, వెనక భాగాన్ని రెండు పక్కలా ప్లయర్‌తో కొంచెం కొంచెంగా నొక్కి, ప్రతిసారీ లాగి చూడండి. ఒక్కసారిగా నొక్కితే విరుగుద్ది. మార్చాల్సొస్తే రన్నర్ వీపు మీద నంబరు ఉంటుంది, 5 అనో 8 అనో. అదే నంబరు అడగండి.

ప్రశ్న అడిగినవారు: గుడ్డ ఇరుక్కుంటే?

బ్యాగులు కుట్టే ఆయన: ముందుకి లాగొద్దు. గుడ్డని పక్కకి బిగబట్టి, రన్నర్‌ని వచ్చిన దారినే వెనక్కి జరపండి. బిగుసుకున్న ఇత్తడి పళ్లకి పెన్సిల్ ముల్లు రుద్దండి. కొబ్బరినూనె వద్దబ్బా, దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తుంది.

ఫిజిక్స్ మాస్టారు: వైరు సంగతి 2007లోనే పరీక్షించారు. కాలిఫోర్నియాలో రేమర్, స్మిత్ అనే ఇద్దరు పెట్టెలో దారం వేసి గిరగిరా తిప్పారు. 46 సెంటీమీటర్ల లోపు దారానికి ముడి పడలేదు; పొడవు పెరిగేకొద్దీ పడింది. 2008లో దానికి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. చుట్టల మధ్య వదులుగా ఉన్న కొస అటూ ఇటూ దూరడమే ముడి. ఇయర్‌ఫోన్ వైరు మీటరు పైనే ఉంటుంది మరి. రెండు వేళ్ల మీద ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, కొసని నడుముకి రెండు చుట్లు బిగించండి. వదులు కొస లేకపోతే దూరేదేముంది?

ఇంకొకరు (నెల్లూరు): హ్యాండిల్‌కి మందు మార్చడమే. కొస తలుపు వైపుకి వంగి ఉండే రకం అడగండి. కొనేముందు మరల బెజ్జాల మధ్య దూరం కొలుచుకెళ్లండి, లేదంటే తలుపుకి కొత్త బెజ్జాలు పడతాయి.