తెలుగు గుణింతాలు, వత్తులు మాంటిసోరి గదిలో ఎలా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

పలకాబలపం: తిరుచానూరు రోడ్డు వైపు ఒక మాంటిసోరి గది సిద్ధమవుతా ఉంది, అంటే పిలకాయలు సామాను చేత్తో పట్టుకుని తమంతట తామే నేర్చుకునే గది. 3 నుంచి 6 ఏళ్ల పిలకాయలు 18 మంది, ఇద్దరు టీచర్లు. పింక్ టవర్ (పేర్చే గులాబీ ఘనాలు), సిలిండర్ బ్లాకులు (గుంటల్లో దించే గూటాలు), గోల్డెన్ బీడ్స్ (లెక్కల పూసలు) ఆర్డర్ పెడితే వచ్చేస్తాయి. చిక్కంతా తెలుగు దగ్గరే. ముక్కలు పేర్చి మాటలు కట్టే ఇంగ్లీషు కదిలే అక్షరాల పెట్టెకు 26 గళ్లు చాలు. తెలుగు గుణింతాలన్నీ విడివిడిగా కోయిస్తే ముక్క రకాలే 400 దాటుతాయి, అది పెట్టె కాదు, బీరువా. ఎవరెవరు ఎట్ల చేస్తున్నారో చెప్పండి. కొయ్యపని ఊళ్లోనే చేయించుకోవచ్చా అన్నది కూడా.

గుడిదీర్ఘం: 400 ముక్కల దారి వద్దు మేడమ్. మూడు పెట్టెలుగా విడగొట్టండి.

మొదటి పెట్టెలో తలకట్టుతో సహా పూర్తి అక్షరాలు, అచ్చులు, సున్న. అంతే. గుణింతం లేకుండానే బోలెడు మాటలు కుదురుతాయి: తల, వల, జడ, పలక, కడవ, పడవ, గడప, ఆట, ఈగ, ఊయల. సున్నను గుణింతాల తర్వాతకు నెట్టకండి. అది పక్కన కూర్చునేదే గానీ పైకీ కిందికీ పోదు, కాబట్టి మొదటి పెట్టెలోనే ఉండాలి. గంట, గంప, పంట, మంచం, కంచం వెంటనే వచ్చేస్తాయి.

రెండో పెట్టెలో తలకట్టు లేని అక్షరాలు, విడిగా గుణింతపు గుర్తులు. గుడి పెట్టినా దీర్ఘం పెట్టినా తలకట్టు పోతుంది గదా. మొదటి పెట్టెలోని 'క' మీదే గుడి పెట్టమంటే బిడ్డ తలకట్టు మీద గుడి ఎక్కిస్తుంది, చూడ్డానికి తప్పుగా ఉన్నా ఎందుకు తప్పో దానికి అర్థం కాదు. ట, జ, ణ, బ, ల లకు తలకట్టే లేదు కాబట్టి వాటి ముక్కలు రెండు పెట్టెలకూ పనికొస్తాయి. దీర్ఘం ముందు (తాత, బావ, పాట, కాయ), తర్వాత గుడి (చిలక, గిలక), ఆ తర్వాత కొమ్ము (కుండ, గుంట), కొమ్ముకు తలకట్టు పోదు కాబట్టి దానికి మొదటి పెట్టె ముక్కలే. ఎత్వం, ఒత్వం ఆఖర్న.

కొన్నిటికి ఈ అతుకుడు కుదరదు. మి, మీ, యి, యీ, మొ, మో, యొ, యో పూర్తి ముక్కలుగానే కోయించాలి. హా కూడా అంతే. పు, ఫు, వు లకు కొమ్ము మిగతా అక్షరాలకు లాగా పక్కన అతకదు, అతికితే 'వ' కాస్తా 'మ' లాగా కనిపిస్తుంది. ఇవన్నీ వేరే రంగు ముక్కలుగా చేసి ఒక గడిలో పెడితే, 'ఇవి మాట వినని అక్షరాలు' అని పిల్లలే చెప్పుకుంటారు.

మూడో పెట్టె వత్తులు. ముందు అదే అక్షరానికి అదే వత్తు: అక్క, అన్న, అమ్మ, అత్త, అవ్వ. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు, కాబట్టి ఈ ఆరింటికీ గరుకు అక్షరాల పలకలు (వేలితో దిద్దే శాండ్‌పేపర్ అక్షరాలు) విడిగా చేయించండి. మిగతావి తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే, వాటికి పలకలు దండగ. 'ప్ర', 'క్ర' లలో ర వత్తు ఎడమ నుంచి చుట్టుకొస్తుంది, పిల్లలు దాన్ని కుడిపక్కన పెడతారు. కంగారు పడి దిద్దకండి. నాలుగు రోజుల తర్వాత అదే మాట రాసిన చీటీని పక్కన పెట్టి చూపితే చాలు.

పేర్చే గుడ్డ మీద మూడు పట్టీలు కుట్టించాలి: నడుమ అక్షరానికి 5 సెంటీమీటర్లు, పైన గుడికి రెండున్నర, కింద వత్తుకు 3. ఒట్టి నేల మీద పేరిస్తే పై వరస మాటల వత్తులు కింది వరస గుడులతో కలిసిపోతాయి.

రంపంపొట్టు: ముక్కల సంగతి నేను చెప్తా. 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్ గానీ 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (కొయ్యపొట్టు నొక్కి చేసిన చెక్క) గానీ తీసుకుని లేజర్ కటింగ్ షాపులో ఇవ్వండి. ఎండీఎఫ్ తడి తగిలితే ఉబ్బుతుంది, పిలకాయల చేతులకు తడి ఎప్పుడూ ఉంటుంది, అందుకని రెండు వైపులా సీలర్ కొట్టాల. ఫాంటు మందం అంతటా సమానంగా ఉండాల, మండలి లాంటి సాదా ఫాంటు చాలు. పెళ్లి పత్రికల ఫాంట్లు వద్దు.

కోతలో తెలుగుకే ప్రత్యేకమైన తంటా ఒకటుంది. థ, ఠ లోపలి చుక్క విడిపోయి కింద పడిపోతుంది. కొన్ని ఫాంట్లలో ఛ, ధ, భ కింది నిలువు గీత కూడా అంతే. ఫైలు ఇచ్చే ముందే వాటిని సన్నటి వంతెన గీతతో అక్షరానికి కలిపించండి. కోసినాక జిగురు పెట్టి అతికిస్తే నెలలోపే ఊడొస్తుంది.

గరుకు అక్షరాలకు 120 నుంచి 150 నంబరు శాండ్‌పేపర్. 80 తెస్తే వేలి కొసలు మండి పిల్ల రెండోసారి ముట్టదు. 220 దాటితే నున్నగా అయిపోయి వేలికి తేడా తెలీదు. కాయితం వెనక వైపు అక్షరాన్ని తిరగేసి గీసి కత్తిరించాల, లేదంటే 'వ' అద్దంలో చూసినట్టు వస్తుంది. ఫెవికాల్ పూసినాక రాత్రంతా బరువు పెట్టాల.

పింక్ టవర్ ఊళ్లో చేయించవచ్చు గానీ సిలిండర్ బ్లాకులు మాత్రం కొనేదే మేలు. టవర్లో 10 ఘనాలు, 1 సెంటీమీటరు నుంచి 10 దాకా, ఒక్కోటి సరిగ్గా సెంటీమీటరు తేడా. పెయింటు రెండు కోటింగులు పడేటప్పటికి కొలత పెరుగుతుంది, అందుకని అర మిల్లీమీటరు తక్కువగా చెక్కించాల. పచ్చి కొయ్య వాడితే మన ఎండలకు నెర్రెలిస్తుంది. సిలిండర్లకు గుంట, గూటం రెండూ అచ్చంగా సరిపోవాల. వదులైతే తప్పు గుంటలో కూడా దిగిపోతుంది, తప్పు తనకు తానే బయటపడే ఏర్పాటు చెడిపోయినట్టే. మాధవమాల వైపు చెక్కేవాళ్ల చేతిపని గొప్పదే, కానీ ఇది నగిషీ పని కాదు, లేత్ మిషన్ కొలత పని.

కార్వేటినగరం దారి: అక్షరాలు ఏ వరసలో ఇవ్వాలన్నది ఎవరూ ఎత్తలేదు. అ ఆ ఇ ఈ వరస పాటగా పాడుకోడానికి బాగుంటుంది గానీ వేలితో దిద్దడానికి పనికిరాదు. మాట పుట్టే వరసలో ఇవ్వాలి: త, ల, క ఇస్తే తల, కల. ప కలిస్తే పలక. రూపం దగ్గరగా ఉన్నవి ఒకే పాఠంలో పడకూడదు: ప-వ-ష, డ-ద, బ-భ, ర-ఠ, మ-య. ఒకటి గట్టిపడి వారం పది రోజులయ్యాకే రెండోది.

పాఠం మూడు మెట్లు. 'ఇది త, ఇది ల.' తర్వాత 'త ఏది, నా చేతికి ఇవ్వు', 'ల మీద వేలు పెట్టు', ఇట్లా ఎక్కువ సేపు ఇక్కడే. ఆఖర్న 'ఇదేంది?' మూడో మెట్టులో తప్పు చెప్తే 'కాదు' అనకుండా రెండో మెట్టుకు దిగాల. చానా మంది టీచర్లు మొదటి నుంచి మూడోదానికి దూకేస్తారు, అది పరీక్ష అవుతుంది గానీ పాఠం కాదు.

నగరి, పుత్తూరు, చిత్తూరు టౌన్లో ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు ఎక్కువ. అరవ లిపిలో క-గ లకు ఒకటే అక్షరం, ప-బ లకూ అంతే. ఇంట్లో పెద్దవాళ్లు ఆ లిపిలో రాసి చూపిస్తా ఉంటే పిల్లలు తికమక పడతారు. దీనికి అక్షరాల కన్నా ముందు చెవి ఆట కావాల: గంట, గిన్నె, గోళీ ఒక పళ్లెంలో, కప్పు, కత్తెర, కొబ్బరిచిప్ప ఇంకో పళ్లెంలో. 'గ్ అని మొదలయ్యేది తే.' మూడు వస్తువులు మించితే పిల్ల చూపుతో వెతుకుతుంది, చెవితో కాదు. ఒత్తు అక్షరాలు (ఖ, ఘ, ఛ, ఢ, భ) ఆఖర్న. మన జిల్లాలో తెలుగు ఇళ్లల్లో కూడా వాటిని ఒత్తి పలికేది అంతంతే. ఙ, ఞ అసలు కోయించకండి, డబ్బు దండగ.

శెనక్కాయ: ఇంటి పనుల అలమర గురించి రెండు ముక్కలు. ప్లాస్టిక్ బొమ్మ సామాను వద్దు. 200 మిల్లీలీటర్ల స్టీలు జగ్గులు రెండు, మూడింట రెండు వంతులే నింపి, కింద ట్రే, పక్కన చిన్న స్పాంజి. ముందు గింజలు, తర్వాత నీళ్లు. రాగులు పొయ్యనివ్వకండి, గది మొత్తం పరుచుకుంటాయి. అనపగింజలు వేళ్లకు నిండుగా ఉంటాయి. ముక్కులో పెట్టుకునే అలవాటున్న చిన్నోళ్లకు ఏ గింజా వద్దు. శెనక్కాయలు ఒలిచే పని మనోళ్లకు మహా ఇష్టం: పది కాయలు, గింజకొక గిన్నె, పొట్టుకొక గిన్నె. శెనక్కాయలు పడని బిడ్డలెవరో చేర్చుకునేటప్పుడే రాయించుకోవాల.

పిలకాయలు సామాను పరుచుకునేదానికి చాప బదులు జంబుఖానా. చాప అంచులు పీలికలైపోతాయి, చుట్టినా నిలవదు. పొడవు 120 సెంటీమీటర్లు ఉండాల. పొడవు నేర్పే ఎర్ర కడ్డీల్లో పెద్దది మీటరు, పొట్టి గుడ్డ మీద నుంచి బయటికి వచ్చేస్తుంది.

అలిపిరి దారిలో: ఒక తండ్రిగా అడుగుతున్నాను. తిరుపతిలో వీధికొక బోర్డు మీద మాంటిసోరి అని ఉంటుంది. లోపల నిజంగా అదేనా కాదా తెలుసుకునేదెలా?

గుడిదీర్ఘం: ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు సార్, అడ్డు చెప్పేవాళ్లు లేరు. 1939లో ఈ పద్ధతి పెట్టిన మరియా మాంటిసోరి మద్రాసు అడయారు వచ్చి శిక్షణ తరగతులు మొదలుపెట్టినప్పటి నుంచి దక్షిణాదిలో ఆ పేరుకు గిరాకీ. ఉదయం తొమ్మిదిన్నర, పదకొండు మధ్య అరగంట వెనక కూర్చుంటామని అడగండి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ వేరు వేరు గదులైతే అది కాదు, మూడేళ్ల వయసు తేడా ఒకే గదిలో ఉండాలి. గంట గంటకూ పీరియడ్ మారితే కాదు, రెండున్నర మూడు గంటలు ఎవరూ కదిలించని పనివేళ కావాలి. సామాను అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటే లేచి వచ్చేయండి. పింక్ టవర్ ఒక్కటే ఉందేమని తక్కువ చేయకండి, ఒక్కటే ఉండాలి. వంతు కోసం ఆగడం కూడా అందులో పాఠమే.

తొమ్మిదో ఎక్కం: 6 నుంచి 12 వాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. అసలు తకరారు లెక్కల్లో అక్కడే మొదలవుతుంది. స్టాంప్ గేమ్ అనే రంగు బిళ్లల లెక్కల సామానులో ఒకట్లు ఆకుపచ్చ, పదులు నీలం, వందలు ఎరుపు, వేలు మళ్లీ ఆకుపచ్చ. 9,999 దాకా ఇబ్బంది లేదు. పెద్ద పూసల చట్రంలో 7 తీగలు, మిలియన్ దాకా పోతుంది. రంగులు మూడు మూడు స్థానాలకు తిరుగుతాయి, మన కామా మాత్రం వేల తర్వాత రెండు రెండుకు. ఎర్ర ఆరో తీగ మీద ఒక పూస పక్కకు తోస్తే అది మనకు లక్ష, 1,00,000. ఆకుపచ్చ ఏడో తీగ పది లక్షలు. రంగులు మార్చకండి, మిగతా సామాను అంతా ఆ రంగుల మీదే నడుస్తుంది. చట్రం పక్కన అంటించే పేర్ల పట్టీ మాత్రం వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు అని తెలుగులో మార్చండి. కామాలను చట్రం మీద చెప్పకండి. కాగితం మీద జవాబు రాసేటప్పుడే చెప్పాలి, రెండూ ఒకేసారి పెడితే గందరగోళం.

చిన్నోళ్ల గదిలో 11 నుంచి 19 దాకా అంకెల పలకల దగ్గర పన్నెండు, పంతొమ్మిది అనే పేర్లు తట్టవు. మొదటి రెండు మూడు రోజులు 'పది రెండు, పది తొమ్మిది' అని పూసలతో అనిపించి, అప్పుడు అసలు పేరు ఇవ్వండి. ఇరవై దాటాక తెలుగు సాఫీ.

వ్యాకరణ గుర్తులు, అంటే రాసిన మాటల మీద పెట్టే రంగు ఆకారాలు: నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర వృత్తం. ఇంగ్లీషు ఆర్టికల్‌కు పెట్టే లేతనీలం చిన్న త్రిభుజం తెలుగులో పక్కన పడేయండి. ఆకుపచ్చ నెలవంకను విభక్తులకు వాడుకోవచ్చు. 'చెట్టు కింద' అయితే సులువు. 'బడిలో', 'అమ్మకి' లాంటివి కత్తెరతో కత్తిరించి, బడి మీద త్రిభుజం, 'లో' మీద నెలవంక. ఎర్ర వృత్తం మామూలుగా వాక్యం చివర పడుతుందని పిల్లలే కనిపెడతారు, ముందే చెప్పి చెడగొట్టకండి.

ఆరో తరగతికి నవోదయ రాయించే వాళ్లుంటే ఐదో తరగతి దసరా నుంచి ఓఎంఆర్ (గుండ్రాలు నింపే జవాబు కాగితం) అలవాటు చేయించండి. 2 గంటల్లో 80 ప్రశ్నలు. లెక్క వచ్చిన పిల్లలు కూడా గడియారం చూసుకోవడం రాక వదిలేసి వస్తారు.

పలకాబలపం: బాగా ఉపయోగపడింది అందరికీ. గుడిదీర్ఘం మేడమ్, మొదటి పెట్టెకు ఏ ముక్క ఎన్ని?

గుడిదీర్ఘం: ఒకేసారి ఇద్దరు ముగ్గురు కూర్చుంటారనుకుంటే క, గ, చ, ట, డ, త, ద, న, ప, బ, మ, ర, ల, వ, స ఒక్కోటి 8. య, జ, ణ, శ, హ, ళ 5. ఒత్తు అక్షరాలు, ష, క్ష రెండేసి. అచ్చులు 4, సున్నలు 15. సున్నలే ముందు పోతాయి, బండల సందుల్లోకి దొర్లిపోతాయి, అందుకని ఇంకో పది విడిగా దాచండి. అరసున్న అక్కర్లేదు.

రంపంపొట్టు: ఫైలు పంపేటప్పుడు ల, ట ముక్కల వెనక చిన్న నల్లచుక్క పెట్టించండి. తిరగేసి పెట్టినా పిలకాయలకు తెలీదు.

పలకాబలపం: సరే అన్నా. ఫోమ్‌తోనే పోతాం, ఎండీఎఫ్ వద్దు.