కొండ పక్క ఇంటికి డాంగిల్ నెట్ సరిపోతాదా?

అడవివరం నుంచి ఒక డీఎస్సీ అభ్యర్థి:
అందరికీ నమస్కారమండి. సింహాచలం కొండని ఆనుకుని అద్దెకుంటున్నాం. ఫైబర్ తీగ వీధి మొదట్లోకి వచ్చింది గానీ, మా ఇంటిదాకా లాగాలంటే రెండు స్తంభాలు పాతాలంట. మూడు నెల్ల నుంచి వచ్చే వారం, వచ్చే వారం అంటున్నారు. నాకు రోజూ సాయంత్రం 6 నుంచి 8 దాకా ఆన్‌లైన్ క్లాసులు. మా ఆయన ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నాను. ఆయనకి బి షిఫ్టు పడిన వారం ఫోను కూడా ప్లాంటుకి పోతాది. నా ఫోన్ పాతది, హాట్‌స్పాట్ పెడితే అరగంటకే కాలిపోతాది. బ్యాటరీ కూడా ఉబ్బింది, భయమేస్తోంది.
డాంగిల్ (సిమ్ వేసి నెట్ వాడుకునే చిన్న పరికరం) కొంటే పనవుతాదా? ఏది కొనమంటారు? నడిమి గదిలో సిగ్నల్ ఒక్క గీతే, మేడ మీద నిండుగా ఉంటాది. రోజుకి 2 జీబీ సరిపోతాదా? పరీక్ష దగ్గరకొస్తోందండి, ఒక్క క్లాసు పోయినా మళ్లీ అందుకోలేకపోతున్నాను.

పెందుర్తి నుంచి:
అమ్మా, నాలుగేళ్లుగా మా ఇంట్లో డాంగిలే. ఏది కొనాలన్నది తర్వాత సంగతి, ముందు సిగ్నల్ ఎక్కడ పడుతోందో చూడు. గీతల్ని నమ్మకు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల లోపల సిమ్ స్టేటస్ అని ఉంటుంది. అక్కడ సిగ్నల్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 90 దగ్గరుంటే దిగుల్లేదు. మైనస్ 110 దాటి కిందికి పోతే క్లాసు ఆగి ఆగి వస్తుంది. ఇల్లంతా తిరిగి కాగితం మీద రాసుకో. మీ ఇద్దరి సిమ్ములూ వేరే కంపెనీలవైతే రెండూ చూడు. కొండ ఒకరి టవరుకి అడ్డమైనా ఇంకొకరి దానికి కాకపోవచ్చు.
వైఫై ఇచ్చే రకం తీసుకో. దాన్ని ల్యాప్‌టాప్‌కే గుచ్చనక్కర్లేదు. ఫోన్ చార్జరుకి పెట్టి సిగ్నల్ ఉన్న కిటికీలో ఉంచి, నువ్వు గదిలో కూర్చుని చదువుకో. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని ఉంటుంది, అది పరికరం పైహద్దు మాత్రమే. సాయంత్రం వీధి వీధంతా ఫోన్లు పట్టుకునే వేళకి నాకు 8 వస్తే గొప్ప. క్లాసుకి 2, 3 చాలు.
2 జీబీ విషయం: మా అబ్బాయి క్లాసు వీడియో క్వాలిటీ 720లో పెడితే గంటకి జీబీ దాకా అయింది, 480లో సగమే. కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, బోర్డు మీద అక్షరమైనా కదలదు. విండోస్‌లో ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటా పొదుపుగా వాడేలా, పెట్టుకో. లేదంటే నువ్వు క్లాసులో కూర్చునేలోపే అప్‌డేట్లు సగం తినేస్తాయి.

ఎంవీపీ కాలనీ నుంచి:
సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే మీ సిమ్ వేసి, నెట్ వచ్చాకే డబ్బులివ్వండి. కొన్ని ఒకే కంపెనీ సిమ్‌కి లాక్ చేసి ఉంటాయి. ఇంకోటి, బ్యాంకుకిచ్చిన నంబరు సిమ్ అందులో వేయకండి. ఓటీపీలు డాంగిల్లోకి వచ్చి కూర్చుంటాయి, ప్రతిసారీ దాని పేజీ తెరిచి చూడాలి. నేనలాగే ఇబ్బంది పడ్డాను.

అడవివరం నుంచి:
ఆదివారమంతా కొలిచానండి. నడిమి గది మైనస్ 114, మేడ మైనస్ 88, వంటింటి కిటికీ మైనస్ 97. ఆ కిటికీ కొండవైపు కాదు, రోడ్డువైపు. ఇదంతా మా ఆయన సిమ్‌తోనే, నాదైతే ఎక్కడా 105 కంటే మెరుగవ్వలేదు. డాబాగార్డెన్స్‌లో వైఫై డాంగిల్ కొని, అదే కంపెనీది కొత్త సిమ్ వేయించాను. నిన్న సైకాలజీ క్లాసు రెండు గంటలూ 480లో ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యలో కరెంటు పోతే పవర్‌బ్యాంకుకి మార్చాను. బాబాయిగారూ, మీకు చాలా రుణపడ్డాను. పోపు చిట్లి పడతాదని డాంగిల్‌ని మూత డబ్బాలో పెట్టి వంటింటి కిటికీ ఊచకి కట్టాను, ఫరవాలేదా?

పెందుర్తి నుంచి:
మూత తీసెయ్యమ్మా. అది మామూలుగానే వేడెక్కుతుంది, మూసిపెడితే ఎండల్లో దానంతటదే ఆగిపోతుంది. పొయ్యికి దూరంగా, ఎండ తగలకుండా పై ఊచకి కట్టు.