పాత రైస్ మిల్లు బాయిలర్ షెడ్‌లో జీడిపిక్కల గోడౌనూ వెల్డింగ్ షాపూ రెండూ పెట్టొచ్చా? (పర్లాకిమిడి)

మహేంద్రతనయ:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కాశీనగర్ రోడ్డు వైపు మా తాతల నాటి ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటుంది. ఆడటం మానేసి చాలా ఏళ్లయింది. పంపకాల్లో మిల్లు హాలు, ధాన్యం గోడౌన్లు, రోడ్డు మొహాన ఉన్న షాపులు పెద్దనాన్నగారి వాళ్లకి వెళ్లాయి. మా వాటాకి వచ్చినవి బాయిలర్ షెడ్, దాన్ని ఆనుకున్న జనరేటర్ గది, సాఫ్ట్‌నర్ ప్లాంటు (బాయిలర్ నీళ్లలో సున్నం తీసేది) ఉన్న చిన్న గది, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ, చిమ్నీ. మిల్లుకి ఆవిరి, కరెంటు, నీళ్లు ఇచ్చినవన్నీ మాకు, డబ్బులిచ్చినవన్నీ వాళ్లకి. సరే, దాని మీద ఇప్పుడు మాట్లాడి లాభం లేదు.

షెడ్ సుమారు యాభై అడుగుల పొడవు, ముప్ఫై వెడల్పు. రేకు అంచు దగ్గరే ఇరవై అడుగుల పైన ఎత్తుంటుంది. ఇటుక గోడలు గట్టిగా ఉన్నాయి. పైన సిమెంటు రేకులు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు తూర్పు వైపు సగం ఎగిరిపోయి ముక్కలయ్యాయి, ఆ ముక్కలు ఇంకా లోపలే ఉన్నాయి. ఊకతో నడిచిన పాత బాయిలర్ అలాగే కూర్చుని ఉంది. దాని కింద బూడిద గొయ్యి, అక్కడి నుంచి చిమ్నీ దాకా నేల లోపల పొగ సొరంగం.

నా ఆలోచన ఏమిటంటే, పెద్ద షెడ్‌లో జీడిపిక్కలు నిల్వ చేయడం. సీజన్లో కొని, పలాస జీడి ఫ్యాక్టరీల వాళ్లకి వానల తర్వాత ఇస్తే రేటు బాగుంటుంది. జనరేటర్ గదిలో మా బావమరిది గ్రిల్లు, ట్రాక్టర్ ట్రాలీల వెల్డింగ్ షాపు పెట్టుకుంటాడు. కాంట్రాక్టరు బాయిలర్ని పాత ఇనుము వాడికిచ్చి, గోతులన్నీ రబ్బిష్‌తో నింపి, పైన కాంక్రీటు పోసేద్దాం, నెల రోజుల పని అంటున్నాడు. ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి, ఇది నిజంగా అంత సులువా?

పాత ఫైర్‌మన్, రాయగడ:

బాబూ, నా ఉద్యోగం అంతా బాయిలర్ల ముందే గడిచింది. మీ కాంట్రాక్టరు ఇళ్లు కట్టేవాడై ఉంటాడు. బాయిలర్ షెడ్‌కి నేల పైన కనిపించేది సగమే.

ముందు మీ ప్లాన్ తిరగేయండి. వెల్డింగ్ పెద్ద షెడ్‌లో పెట్టాలి, సరుకు ఇంకో చోట. ఎందుకంటే ఆ షెడ్ కట్టిందే వేడి, పొగ పైకి పోవడానికి. కప్పు మధ్యలో ఎత్తు చేసి పక్కల సందులు వదిలి ఉంటారు చూడండి, వెల్డింగ్ పొగకి అంతకన్నా మంచి దారి ఏ కొత్త షెడ్‌లోనూ ఉండదు. జీడిపిక్కల గోనెలకి ఆ సందులే శత్రువులు, ఈదురుగాలి వాన నేరుగా లోపలికి కొడుతుంది. బాయిలర్ కింద ఉన్న కాంక్రీటు దిమ్మని పగలగొట్టాలంటే మీ డబ్బులు దానికే అయిపోతాయి. పగలగొట్టొద్దు. లేత్ మిషనో, పవర్ ప్రెస్సో, పెద్ద డ్రిల్లింగ్ మిషనో దాని మీదే బిగించుకోండి. అదరదు, కుంగదు.

సొరంగాన్ని రబ్బిష్‌తో నింపడం అన్నారు. వానాకాలం నేలలో నీళ్లు ఊరితే అవి సొరంగం వెంట నడిచి మీ షెడ్ మధ్యలో తేలతాయి, రబ్బిష్ కుంగి పైన పోసిన కాంక్రీటు పగులుతుంది. చిమ్నీ వైపు మూతిని ముందు ఇటుకతో కట్టేయాలి. తర్వాత ఇసుక పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసా కొట్టాలి. గాలి ఆడేలా చేయకుండా మాత్రం లోపలికి మనిషిని దించకండి. ఏళ్ల తరబడి మూసుకున్న గొయ్యిలో గాలి ఉంటుందని నమ్మకం లేదు, పాములు ఉంటాయని మాత్రం ఉంది. రెండు పక్కలా తెరిచి, బ్లోయర్ పెట్టి, తాడు కట్టుకున్న మనిషిని, పైన ఇంకో మనిషి ఉంటేనే దింపాలి.

బూడిద చీపురుతో ఊడ్చకండి. ఊక బూడిదలో సుమారు 85 శాతం పైనే సిలికా. కొలిమిలో గట్టిగా కాలితే అందులో కొంత స్ఫటికంగా మారుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నీళ్లు చల్లి, తడి బురదలా చేసి ఎత్తించండి. మాస్కు అంటే మొహానికి కట్టుకునే తువ్వాలు కాదు.

బాయిలర్ ఒంటి మీద, ఆవిరి గొట్టాల మీద తెల్లటి పూత, తలుపు చుట్టూ తాడు ఉంటే అది ఆస్బెస్టాస్ (రాతినార) కావచ్చు. పాత ఇనుము వాడు గ్యాస్ కటర్ పట్టుకొచ్చే ముందే దాని సంగతి తేల్చుకోవాలి. ఇంకోటి, రిజిస్టరైన బాయిలర్‌కి ఒంటి మీద నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకుని, ఫ్యాక్టరీలు బాయిలర్ల డైరెక్టరేట్ వాళ్లకి రాసి, విప్పేస్తున్నామని చెప్పి కాగితం తీసుకోండి. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది, కానీ రిజిస్టర్ అన్నది అలాగే ఉంది. మీ తాతగారి పేరు మీద ఉన్న బాయిలర్ ఎక్కడికి పోయిందని రేపు అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఒక పాఠకుడు:

ఆస్బెస్టాస్ అని ఎందుకండీ అంత భయపెడతారు? మన ఊళ్లలో సగం ఇళ్లు ఆ రేకుల కిందే ఉన్నాయి. మా అమ్మానాన్నా ఆ రేకుల కిందే పెరిగారు.

పాత ఫైర్‌మన్, రాయగడ:

రేకు వేరు, బాయిలర్ పూత వేరు. రేకులో పీచు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది, కదపకుండా ఉంటే ఊడిపడదు. కోసినా, డ్రిల్లు వేసినా, పగలగొట్టినా లేస్తుంది. పూత అలా కాదు, చేత్తో నలిపితే పొడైపోతుంది, గాలిలో కనపడదు కూడా. దాని వల్ల వచ్చే జబ్బు ఇరవై ముప్ఫై ఏళ్లకి బయటపడుతుంది కాబట్టి కోసిన రోజు ఎవరికీ ఏమీ కాదు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికులకి వైద్య పరీక్షలు చేయించాలని, రికార్డులు భద్రంగా ఉంచాలని ఊరికే చెప్పలేదు. తిత్లీకి విరిగిన ముక్కల్ని తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వాలి. పొలిమేర గోతిలో పోయడం కాదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు ఆఫీసులో అడిగితే ఎవరికివ్వాలో చెబుతారు.

ధర్మాబాద్ జిన్నింగ్:

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. పెద్దాయన చెప్పిన దానికి నేను ఒక్కటి కలుపుతా. మా దగ్గర పాత పత్తి జిన్నింగ్ మిల్లు ఇంజన్ రూమ్ తీసుకున్నం. పైకి చూస్తే రాయిలెక్క ఉంటది. మిర్చి బస్తాలు పెడదామనుకున్నం. ఇంజన్ దిమ్మ చుట్టూ ఏళ్ల తరబడి కారిన ఆయిలు నేలలోకి దిగింది. సోడాతో కడిగితే పైన తెల్లగైతది, ఎండ పడంగనే మళ్లీ నల్లగా ఊరి పైకొస్తది. దాని మీద ఎపాక్సీ పూత పట్టదు, కొత్త సిమెంటు పట్టదు. డీజిల్ వాసన గోనెకు ఎక్కితే సరుకు తిరిగొస్తది. చివరికి మోటార్ వైండింగ్ షాపుకు ఇచ్చినం, వాళ్లకి ఆ వాసనతోని పని లేదు.

కాబట్టి మీ జనరేటర్ గదిలో కూడా సరుకు పెట్టే ముందు ఒక పని చేయండి. నేల మీద ఒక మూల తెల్ల గుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి, అంచులు టేపుతో మూసి, రెండు మూడు ఎండలు పోనియ్యండి. గుడ్డకి మరకొస్తే ఆయిలు, తడొస్తే నేల చెమ్మ. రెండూ రాకపోతేనే బస్తాలు.

ఆ గదిలో డీజిల్ ట్యాంకు ఉంటే అసలు ఖాళీదని అనుకోవద్దు. సాధారణంగా 990 లీటర్లది ఉంటది, వెయ్యి లీటర్లు దాటితే లైసెన్సు కావాలని ఆ సైజు పెడతరు. ఖాళీ ట్యాంకులోనే ఆవిరి నిండి ఉంటది. మీ బావమరిది ముచ్చటపడి దాన్ని కోసి తొట్టి చేద్దామంటే, ముందు కడిగించి, నిండా నీళ్లు పోసి గానీ కటర్ ముట్టించొద్దని చెప్పండి.

మహేంద్రతనయ:

మాస్టారూ, ధర్మాబాద్ అన్నా, చాలా థాంక్స్. కాంట్రాక్టరుని ప్రస్తుతానికి ఆపాను. కానీ ప్లాన్ తిరగేయమంటే ఒక చిక్కుంది. జనరేటర్ గది ఇరవై అడుగులకి పదిహేనే. నేను అనుకున్న సరుకు అందులో సగం కూడా పట్టదు. సాఫ్ట్‌నర్ గది ఖాళీగానే ఉంది, అది కలిపితే? పోనీ పెద్ద షెడ్‌నే సగం సగం చేసి ఇటు సరుకు, అటు వెల్డింగ్ పెడితే? మధ్యలో రేకు అడ్డం కట్టి?

పాత ఫైర్‌మన్, రాయగడ:

సాఫ్ట్‌నర్ గది మాట ఎత్తకండి. అక్కడ ఏళ్ల తరబడి ఉప్పు బస్తాలు దించారు, ఉప్పునీళ్లు కలిపారు. గోడలకి తెల్లగా ఉప్పు పువ్వు లేచి ఉంటుంది చూడండి. ఉప్పు తాగిన సిమెంటు వానాకాలం గాలిలో తడిని లాగుతుంది, ఎండలో కూడా నేల ఆరదు. అందులో గోనె పెడితే అడుగు బస్తాలు బూజు పట్టి తీరతాయి. స్లాబు ఊచలు కూడా తుప్పు పట్టి పెచ్చులు రాలుతూ ఉంటాయి, కింద నిలబడే ముందు కర్రతో తట్టి చూడండి. పెయింటింగ్ పనికో, కడుగుడుకో వాడుకోండి.

షెడ్ సగం చేయొచ్చు. కానీ రేకు అడ్డం కాదు. వెల్డింగ్ నిప్పురవ్వ ముప్ఫై అయిదు అడుగుల దాకా ఎగురుతుందని పని నేర్చుకునేటప్పుడే చెబుతారు, మీ షెడ్ వెడల్పు ముప్ఫై. రేకు కింద జానెడు సందు చాలు. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. గోనె అంటుకుంటే అది తోడవుతుంది, ఆ పొగలో కళ్లు తెరవలేరు, ఆర్పడానికి లోపలికి వెళ్లలేరు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టండి, నేల నుంచి రేకు దాకా, పైన సందు లేకుండా. అందులో తలుపు పెట్టకండి. సరుకుకి దారి అటు నుంచి, వెల్డింగ్‌కి ఇటు నుంచి. బావమరిది మంచివాడే, అయినా తలుపుంటే అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బాయిలర్ దిమ్మ ఉన్న సగం అతనికి, మిగతా సగం మీకు.

మీ సగంలో కప్పు సందులు మూసి, సన్న జాలీ పెట్టి, గాలి కోసం పైన టర్బో ఫ్యాన్లు (కరెంటు లేకుండా గాలికే తిరిగేవి) పెట్టండి. కొత్తగా ఇనుప రేకు వేస్తారు కదా, చలికాలం తెల్లవారుజామున దాని అడుగున చెమట పట్టి బస్తాల మీద చుక్కలు పడతాయి. గాలి తిరిగితే తగ్గుతుంది. తూర్పు వైపు, అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి, గాలి రేకుని ముందు అక్కడే లేపుతుంది. తిత్లీకి మీవి ఎటు నుంచి లేచాయో మీకే తెలుసు. బస్తాలు కర్ర పలకల మీద, గోడకి రెండడుగులు వదిలి పేర్చండి. పిక్క బాగా ఎండకుండా లోపలికి తేవద్దు, తేమ తొమ్మిది శాతం లోపు ఉండాలి. మీటరు కొనుక్కోండి, నోట్లో కొరికి చెప్పేవాళ్లని నమ్మకండి.

బరంపురం లైన్:

కరెంటు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నా. మిల్లు మూసేటప్పుడు బిల్లులు పూర్తిగా కట్టారా? పాత బాకీ ఉంటే కొత్త కనెక్షన్ అడిగిన రోజు అది మీ ముందుకొస్తుంది. సప్లై కోడ్‌లో (కరెంటు సరఫరా నిబంధనల్లో) ఉంటే పాత వాడి బాకీని కొత్త యజమాని దగ్గర అడగొచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పంపకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ మీకు వచ్చిందంటున్నారు, బాకీ కూడా దానితోనే వచ్చిందేమో ముందు టీపీ సదరన్ ఒడిశా కరెంటు కంపెనీ ఆఫీసులో చూసుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్ పాతదైతే ఆయిలు ఎవరికీ ఊరికే ఇవ్వకండి. మన దగ్గర కీళ్లనొప్పులకి రాసుకుంటారని పట్టుకెళ్లేవాళ్లు కూడా ఉన్నారు! పాత ఆయిల్లో పీసీబీ అనే విషం ఉండొచ్చు. 2016 ఉత్తర్వు ప్రకారం 2025 డిసెంబరు 31 తర్వాత దాని వాడకం పూర్తిగా నిషేధం. ల్యాబులో పరీక్ష చేయించాకే అమ్మండి. పక్కనున్న కెపాసిటర్ డబ్బాలు కూడా అంతే. వెల్డింగ్ షాపుకి మామూలు త్రీ ఫేజ్ ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్ చాలు, గోడౌన్‌కి వేరే మీటరు పెట్టించండి. ఎర్తింగ్ మాత్రం పాత గొయ్యిని నమ్మకుండా కొత్తది వేయించండి.

పట్టాలో ఆ ముక్క కిసమ్ (భూమి రకం) ఏముందో కూడా చూడండి. చాలా పాత మిల్లులకి కొంత భాగం ఇంకా సాగు భూమి అనే రాసి ఉంటుంది. అలా ఉంటే తహసీల్ ఆఫీసులో ఒడిశా భూసంస్కరణల చట్టం (ఓఎల్‌ఆర్) 8-ఎ సెక్షన్ కింద మార్పించుకోవాలి, లేకపోతే బ్యాంకు లోను దగ్గర ఆగిపోతారు.

మహేంద్రతనయ:

పట్టా ఇప్పుడే తీయించాను. షెడ్ ఘరబారిగానే (ఇంటి స్థలంగానే) ఉంది, చిమ్నీ ఉన్న ముక్క మాత్రం సాగు అని ఉంది. కరెంటు బాకీ గురించి నాన్నగారిని అడిగితే పెద్దనాన్నగారిని అడగమంటున్నారు. ఇంటికెళ్లి అడగాలి, అదే అన్నిటికన్నా పెద్ద టెన్షన్.

చివరి ప్రశ్న మాస్టారూ. గోడ ఖర్చు కలిపితే బడ్జెట్ దాటుతోంది. చిమ్నీ ఇటుకలు బాగున్నాయి, పడగొట్టి ఆ ఇటుకలతోనే గోడ కట్టుకోవచ్చా?

పాత ఫైర్‌మన్, రాయగడ:

బయటి ఇటుకలు వాడుకోవచ్చు. లోపలి వరస మసి, గంధకం తాగి ఉంటాయి, గోడకి పనికిరావు, ప్లాస్టర్ పసుపు మరకలు కక్కుతుంది. బాయిలర్ లోపలి ఫైర్ బ్రిక్స్ మాత్రం విడిగా తీసి దాచండి, బేకరీల వాళ్లు, కమ్మరులు కొంటారు.

కానీ అడుగున కొట్టి చెట్టులా పడేద్దామంటే ఒప్పుకోకండి. పక్కనే మీ షెడ్ ఉంది. చుట్టూ పరంజా కట్టి, పై నుంచి వరసలు వరసలుగా విప్పాలి, ఇటుకలు లోపలికి జారవిడుస్తూ అడుగున ఉన్న మసి తలుపు నుంచి తీసుకోవాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇటుక బట్టీల దగ్గర దొరుకుతారు. కూలి లెక్క వేసి, కొత్త ఇటుక రేటుతో పోల్చి చూడండి, మిగిలేది పెద్దగా ఉండకపోవచ్చు. నిటారుగా ఉంటే, పగుళ్లు లేకపోతే నేనైతే పైన మూత వేసి వదిలేస్తాను. పిడుగు తీగ రాగిది, శిఖరం నుంచి నేల దాకా ఉండాలి. అది ఇంకా ఉందో లేదో వెళ్లి చూడండి. మిల్లు మూసి అన్నేళ్లయిందంటున్నారు, నాకైతే ఆశ లేదు.