మిరప పూత రాలిపోతోందండి, ఆకులు కూడా ముడుచుకుపోతున్నాయి

అందరికీ నమస్కారమండి, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సంక్రాంతి వెళ్ళాక కడియం నర్సరీ నుంచి ఎనిమిది మిరప మొక్కలు, రెండు కాప్సికం తెచ్చి మేడ మీద కుండీల్లో పెట్టాను, మార్చి ఆఖరుకి మిరప రెండు కోతలు కోసుకున్నాం కూడా, ఇప్పుడేమో పొద్దున్నే వెళ్ళి చూస్తే పూతంతా నేల మీదే, చివుళ్ళు ముడతలు పడిపోయాయి. ఎరువుల కొట్టాయన యూరియా వెయ్యమంటే వేశాను, మొక్క గుబురుగా ఎదిగింది గానీ కాయ లేదు. ఏం మందు కొట్టమంటారు?

— అక్కా, మందు సంగతి తర్వాత, ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడండి. అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగు, కిందకి వంగి కాడ సాగినట్టుంటే తెల్లనల్లి. చివురు కింద తెల్ల కాగితం పట్టుకుని దులపండి.

— పైకేనండి. దులిపితే సన్నగా నూగు ముక్కల్లా పసుప్పచ్చవి పాకుతున్నాయి, బాబోయ్.

— ఆయ్, తామర పురుగే. బాగా ముడిచిన చివుళ్ళు తుంచి కవర్లో మూటకట్టి పారెయ్యండి, మేడ మీదే వదిలేస్తే మళ్ళీ ఎక్కేస్తాయి. లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు కలిపి ఎండ దిగాక ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి. నీలం రంగు జిగురు అట్టలు ఒకటో రెండో కట్టండి, పసుపువి తెల్లదోమకి. యూరియా మాత్రం ఆపెయ్యండి, లేత ఆకు దొరికితే పురుగుకి పండగే.
పూత రాలడం వేరే గొడవ. రాత్రుళ్ళు కూడా ఉక్క తగ్గకపోతే పిందె నిలవదు, మొక్క తప్పేం లేదు. మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ, పొద్దున్నే నీళ్ళు, అంతే. వానలు పడి చల్లబడితే అదే కాస్తుంది.

— మధ్యలో వస్తున్నా, వేసవికి కాలువ నీళ్ళు ఆపేశాక మీరు పోసేది బోరు నీళ్ళా? మా వైపు అవి ఉప్పగా ఉంటాయి, ఆకు అంచులు మాడాయి నాకు. కుండీ మట్టిలో కలిపే కొబ్బరి పొట్టు కూడా రెండు మూడుసార్లు నానబెట్టి, పిండాకే వెయ్యాలి, లేకపోతే ఇదే తంతు.

— పొట్టు కడక్కుండానే వేశానండి, పైగా బోరు నీళ్ళే! మరి కాప్సికం?

— కుండీ అడుగు నుంచి కారేదాకా మంచినీళ్ళు ఓసారి పట్టించండి. కాప్సికం పీకేసి ఆ కుండీలో తోటకూర చల్లుకోండి, కాప్సికం మళ్ళీ సెప్టెంబరులో నారు పోస్తే చలికాలంలో కాస్తుంది.

— సరేనండి, రేపే పీకేస్తా.